ఏడో నంబరు గుల్ల

బుధవారం పొద్దున పరీక్ష. స్లైడు మంగళవారం మధ్యాహ్నానికే తన బల్ల మీద ఉండాలని నాతా సారు హుకుం. హుకుం వెయ్యడం సారు వంతు, రాయిని కరిగించడం నినింగ్ వంతు. బాండుంగ్‌లోని ఆ పాత ప్రయోగశాలలో పంతొమ్మిదేళ్ళుగా పని అలాగే పంచుకున్నారు. ఆ పంపకం బాగుందా అని ఇద్దరిలో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

చమురు బావుల అడుగునుంచి వచ్చే రాతిముక్కలు ఆమె చేతికి సంచుల్లో అందుతాయి. మొదటి ఆసిడ్‌కి సున్నం పోతుంది. రెండో ఆసిడ్‌కి ఇసక కూడా పోతుంది. ఆ రెండోది చర్మం మీద పడితే ఎముకదాకా దిగుతుంది కాబట్టి నినింగ్ మోచేతులు దాటే తొడుగులు వేసుకుని, ఊపిరి బిగబట్టి, గాజు తలుపు వెనక చేతులు పెట్టి పనిచేస్తుంది. రెండు రోజులకి రాయి మాయమై బూడిదరంగు మడ్డి మిగులుతుంది. దాన్ని పట్టుకంటే సన్నని జల్లెడలో వేసి, వేళ్ళతో కింద తడుతూ, నీళ్ళు తేటపడేదాకా కడగాలి. గట్టిగా తడితే గుల్లలు చితుకుతాయి. మెల్లగా తడితే మడ్డి వదలదు. ఎంత తట్టాలో ఏ పుస్తకంలోనూ ఉండదు.

గుల్లలంటే ఆల్చిప్పలు కావు. కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో తేలిన డైనోఫ్లాజెలేట్లనే కంటికానని జీవులవి. కాలం బాగా లేకపోతే అవి చుట్టూ గట్టి గుల్ల కట్టుకుని అడుగున పడి నిద్రపోయేవి. కాలం కలిసొచ్చాక గుల్లకి మూత ఊడదీసుకుని చక్కా పోయేవి. ఖాళీ ఇల్లు మిగిలేది. మనుషుల్ని ఇంటిపేరుతో పోల్చుకున్నట్టు, వాటిని మూత ఊడిన చోటుని బట్టి పోల్చుకుంటారు. వీపున ఊడితే ఒక వంశం, నెత్తిన ఊడితే ఇంకో వంశం. ఒళ్ళంతా ముళ్ళున్న ఒక రకాన్ని ప్రయోగశాలలో అందరూ అక్కడి ముళ్ళపండు పేరుతో రంబుటాన్ అంటారు. అందులోనూ రెండు వంశాలు. వీపున కిటికీ ఉన్నది పై పొరది, అంటే వయసులో చిన్నది. నెత్తిన టోపీ ఊడినది కింది పొరది, పెద్దది. ఇది అదీ, అది ఇదీ అనుకుంటే పొరల వయసు తలకిందులవుతుంది. బావి తవ్వేవాళ్ళు లేనిచోట తవ్వుతారు.

సారు తానే పది గుల్లల్ని ఎంచి, వాటి చుట్టూ సిరాతో చిన్న సున్నాలు చుట్టమన్నారు. ఒక్కోదాని పేరూ వరసగా కాగితం మీద రాసి, మడిచి, సొరుగులో పెట్టి తాళం వేశారు. నినింగ్ స్లైడు మీద వంగి సన్నకలంతో సున్నాలు చుడుతూ ఏడోదాని దగ్గరికి వచ్చింది. కలం ఆగిపోయింది. అది రంబుటాన్. సారు దాన్ని ఏమని రాసి ఉంటారో ఆమెకి చూడకుండానే తెలుసు.

"ఏం, చెయ్యి ఆగింది?" అన్నారు సారు అద్దాలు తుడుచుకుంటూ.

"సిరా ఆరనిద్దామనండి" అంది.

గుల్లల్ని పోల్చే ఉద్యోగం ఒక్కటే, పరీక్షకి వచ్చింది ఇద్దరు. గలీహ్ సారు చదివిన విశ్వవిద్యాలయం నుంచే వచ్చినవాడు. సారు తయారుచేసిన ఫొటోల పుస్తకాన్ని అట్టనుంచి అట్టదాకా బట్టీ పట్టాడు. తియూర్ ఉత్తరాన తోబా సరస్సు వైపు పిల్ల. అక్కడి బాతక్కు జాతివాళ్ళ గొంతు పుట్టుకతోనే పెద్దదంటారు, ఈ పిల్ల విషయంలో అది నిజమే. ఆమె "నమస్కారం" అన్నందుకే గుమ్మం దగ్గర ఆఫీసు చూసే యుయున్ చేతిలోని టీ ఒలికింది.

మైక్రోస్కోపు ఒక్కటే మంచిది. ముందు గలీహ్ కూర్చుని ఇరవై నిమిషాల్లో పదీ రాసేశాడు. తియూర్ గంట తీసుకుంది. లోతు మార్చే సన్నమరని ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఒక్కో గుల్లనీ పైనుంచి అడుగుదాకా చూసింది. ఏడోదాని దగ్గర మరీ ఎక్కువసేపు ఆగింది. నినింగ్ తలుపు దగ్గర గుడ్డతో గాజు పాత్ర తుడుస్తూ ఆ వేళ్ళనే చూసింది. తుడిచిన పాత్రనే మళ్ళీ తుడిచింది.

సారు అక్కడే దిద్దారు. గలీహ్‌కి పది. తియూర్‌కి తొమ్మిది.

"ఏడు తప్పు. ఇది వీపు కిటికీ రంబుటాన్" అన్నారు సారు.

"కాదు సార్, టోపీ రంబుటాన్. బోర్లా పడి ఉంది. మీరు అడుగుదాకా దించి చూడండి, మూతి అంచు రంపంలా ఉంది, ఒకచోట చిన్న నొక్కు కూడా ఉంది. వీపు కిటికీకి నొక్కెలా వస్తుంది?"

ఈ ఊళ్ళో పెద్దవాళ్ళ ముందునుంచి నడవాలన్నా వంగి, చెయ్యి నేలవైపు జాపి, "పుంతెన్" అని సెలవు తీసుకుని నడుస్తారు. అలాంటిది సారుని ఆయన గదిలోనే, ఆయన కుర్చీ పక్కనే నిలబడి, కాదనడమా! యుయున్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ గుల్లని నేను ఈ బావుల్లో మొదటిసారి గుర్తించినప్పుడు నువ్వు పలక పట్టుకుని బడికి పోతున్నావమ్మాయ్" అన్నారు సారు. కేక వెయ్యలేదు. ఆయనకి కేకలు రావు. కాగితం మీద చక్కని దస్తూరితో రాశారు: 'పట్టుదల ఎక్కువ, పరిశీలన తక్కువ.'

మధ్యాహ్నం నినింగ్ జల్లెడ కడుగుతుంటే తియూర్ వచ్చి గుమ్మానికి ఆనుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం తగ్గలేదు.

"తేతే, ఆ స్లైడు చేసింది మీరేనట కదా?" ఇక్కడ అక్కని తేతే అంటారు, ఆ పిల్ల వచ్చిన పూటే నేర్చేసుకుంది. "ఒక్క మాట చెప్పండి. ఏడోది బోర్లా పడిందా, లేదా?"

"నేను కడిగేదాన్నమ్మా. పేర్లు నాకేం తెలుస్తాయి?"

"కడిగేవాళ్ళకి కళ్ళుండవా?"

నినింగ్ నీళ్ళ పంపు పెద్దది చేసింది.

"మీ ఊళ్ళో పద్ధతి భలే ఉంది తేతే. అవునంటే అవును, కాదంటే కూడా అవునే! మా ఊళ్ళో అయితే కాదన్నవాడికి ఇంకో ముద్ద అన్నం పెట్టి, ఎందుకు కాదో చెప్పమంటారు." తియూర్ ముక్కు చీదుకుంది. "సరేలెండి. గది అద్దె ఆదివారందాకా కట్టాను. సోమవారం ఉదయం బస్సెక్కేస్తా. అమ్మ అడిగితే ఏమని చెప్పను? గుల్ల తిరగబడిందనా?"

నవ్వాలో ఏడవాలో ఆ పిల్లకే తెలియలేదు. వెళ్ళిపోయింది. నినింగ్ కడిగిన జల్లెడని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు నిలబడింది. జల్లెడ శుభ్రంగానే ఉంది. ఒంట్లోనే ఏదో మడ్డి వదలడం లేదు. ఛీ, ఇదేం బతుకు అనిపించింది ఆమెకి.

ఎందుకంటే ఆమెకి తెలుసు. నిన్నా మొన్నా కాదు, పదకొండేళ్ళుగా తెలుసు.

ప్రతి శుక్రవారం సారు నమాజుకి వెళ్ళే గంటన్నరా ఆ గది ఖాళీగా ఉంటుంది. ఆ గంటన్నరా నినింగ్‌ది. తను కడిగినవి ఎలా వచ్చాయో చూసుకోవాలి కదా అని మొదలుపెట్టింది. కుర్చీలో కూర్చోదు. నిలబడే వంగి చూస్తుంది. సారుది వెడల్పు మొహం, కాబట్టి రెండు కళ్ళ గొట్టాలూ ఆయన కొలతకి దూరంగా జరిపి ఉంటాయి. వాటిని దగ్గరికి జరిపితే తిరిగి సరిగ్గా అక్కడే పెట్టడం కష్టం, ఆయన పసిగట్టేస్తారు. అందుకని ఎడమకన్ను మూసి కుడికంటితోనే చూస్తుంది. అలా చూసీ చూసీ, పోసీ పోసీ, ఆమె ఒక సంగతి కనిపెట్టింది. టోపీ ఊడిన గుల్ల గిన్నెలాంటిది. స్లైడు మీద పోసినప్పుడు అది ఎప్పుడూ బోర్లానే పడుతుంది. పైనుంచి చూసేవాళ్ళకి మూసుకున్న అడుగే కనిపిస్తుంది, కింద మసగ్గా ఏదో కన్నం తోస్తుంది. ఆ మసక కన్నాన్ని సారు వీపు కిటికీ అనుకున్నారు. మొదటిసారి ఫొటోలో చూసి అనుకున్నారు, ఫొటోకి లోతుండదు మరి. ఆ తర్వాత చూడటం మానేసి గుర్తుపట్టడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం ఇంట్లో నినింగ్ కూరకి సోయాగింజల టెంపే ముక్కలు కోస్తూ అంతా చెప్పింది. భర్త ఓజో చెప్పులు కుట్టే మనిషి, గుమ్మంలో కూర్చుని అట్టకి తోలు అంటిస్తున్నాడు.

"చెప్పెయ్" అన్నాడు.

"ఎలా చెప్తాను? నా కాంట్రాక్టు కాగితం ఆయన బల్ల మీదే ఉంది. ఈ నెలాఖరుకి సంతకం పెట్టాలి."

"అయితే చెప్పకు."

"ఆ పిల్ల మొహం చూడలేకపోతున్నా."

"చెప్పనంటావు, చెప్పకుండా ఉండనంటావు. మధ్యలో టెంపే ఏం పాపం చేసింది? అలా పొడిపొడి చేసేస్తున్నావు." తోలు అంచు పంటితో కొరికాడు. "మొన్న ఒకాయన వచ్చాడు. మడమ నొప్పి పెడుతోంది, చెప్పు తప్పు కుట్టావని తిట్టబోయాడు. నేను మాట్లాడలేదు. ఆయన చెప్పు తీసి ఆయన చేతికే ఇచ్చి, లోపల వేలు పెట్టి చూడండి బాబూ అన్నా. మేకు ఆయన వేలికే తగిలింది."

"తిట్టాడా?"

"నన్నెందుకు తిడతాడు? మేకుని తిట్టాడు."

నినింగ్ ముక్కలు కోయడం ఆపింది.

గురువారం ఫలితాల కాగితం టైపయింది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి జకార్తా పెద్దాఫీసుకి వెళ్ళే కవరులో దాన్ని పెట్టి, యుయున్ తన బల్ల మీద ఉంచింది. "బాతక్కు పిల్లని చూస్తే జాలేస్తోందే. ఆ నోరు కాస్త కట్టుకుంటే బాగుపడేది" అంది, బాలాబాలా పకోడీ నములుతూ. "నీలాగా ఉండాలే నినింగ్. చూడు, పంతొమ్మిదేళ్ళు, ఒక్క మాట పడలేదు."

పొగిడిందో తిట్టిందో యుయున్‌కి తెలియదు. నినింగ్ మాత్రం చేతిలోని పకోడీని మళ్ళీ పొట్లంలో పెట్టేసింది.

శుక్రవారం సారు టోపీ పెట్టుకుని మసీదుకి బయల్దేరగానే ఆమె పనిలో దిగింది. పరీక్ష స్లైడుకి వాడిన సీసాలోంచే ఒక చుక్క మడ్డి తీసింది. ఎప్పుడూ వాడే జెల్లీ గడ్డకట్టి గుల్లని పట్టేస్తుంది. ఈసారి జెల్లీ వెయ్యలేదు, ఉత్త గ్లిసరిన్ వేసింది. పైన పల్చని అద్దం పెట్టి, అంచుకి సూది ఆనించి, వెంట్రుకవాసి నెట్టింది. కుడికంటి కింద ముళ్ళబంతి ఒకటి బద్ధకంగా దొర్లింది. ఇంకోటి. ఇంకోటి. లెక్క రాసుకుంటూ ఇరవై దొర్లించింది.

ఒకటిన్నరకి సారు తిరిగొచ్చారు. వానలో తడిసిన టోపీని కిటికీకి ఆరేశారు. నినింగ్ వంగి, చెయ్యి జాపి, "పుంతెన్ సారూ" అంటూ ఆయన ముందునుంచి వచ్చింది.

"నా పనిలో ఏదో తేడా వచ్చినట్టుందండి. గుల్లలు దొర్లిపోతున్నాయి. ఒక్కసారి చూస్తారా?"

"దొర్లితే పారేసి ఇంకోటి చెయ్యి. దానికి నేను చూడాలా?"

"దొర్లేటప్పుడు వింతగా కనిపిస్తోందండి. నాకు అర్థం కాక. మీరైతే చెప్తారని."

సారు నిట్టూర్చి కూర్చున్నారు. అద్దాలు నుదుటి మీదికి తోసి కళ్ళు ఆనించారు. నినింగ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని సూది పట్టుకుంది.

"వీపు కిటికీ రంబుటాన్. ఇందులో వింతేముంది?"

ఆమె సూది కదిపింది.

మరమీద ఆయన వేలు దానంతటదే తిరిగింది. మూసుకున్న అడుగు పక్కకి ఒరిగింది, ముళ్ళు ఒకటొకటిగా దాటాయి, ఆ తర్వాత నిండు మూతి ఆయన కంటి ముందు తెరుచుకుంది. అంచు రంపపు పళ్ళలా ఉంది. ఒకచోట చిన్న నొక్కు.

"మళ్ళీ" అన్నారు.

మళ్ళీ దొర్లించింది. ఇంకోదాన్ని, ఆ పైన మరోదాన్ని. కిటికీ మీద వాన కొడుతూనే ఉంది.

"ఏ సీసాలోది?"

"పరీక్షదేనండి."

"ఎన్ని ఇలా ఉన్నాయి?"

"ఇరవై చూశానండి. పంతొమ్మిది."

"ఇరవయ్యోది?"

"నా సూది తగిలి చితికిపోయిందండి. క్షమించాలి."

సారు తల ఎత్తారు. అద్దాలు నుదుటి మీదే మరిచిపోయి ఆమె వైపు తిరిగారు. "నీకు అర్థం కాక అడిగావు కదూ?"

నినింగ్ సూదిని బల్ల మీద పెట్టింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

ఈరోజే అనొచ్చు. అంటే అందరికీ బాగుంటుంది. నాలుక మీదికి ఆ మాట వచ్చింది కూడా. గుమ్మానికి ఆనుకుని ముక్కు చీదుకున్న పిల్ల కళ్ళలో మెదిలింది.

"పదకొండేళ్ళండి. మీరు చూస్తారు, నేను పోస్తాను. పోసేవాళ్ళకి గిన్నె ఎలా పడుతుందో తెలుస్తుందండి."

"పదకొండేళ్ళు!" సారు లేచారు. కుర్చీ వెనక్కి పడింది. "పదకొండేళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చేసి ఆడించావా?" అదీ కేక కాదు. కేకే అయితే బాగుండేది. తడి టోపీ నెత్తిన పెట్టుకుని, యుయున్ బల్ల మీది కవరు లాక్కుని, గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయారు.

"ఏం చేశావే?" అంది యుయున్.

"మేకు చూపించా" అంది నినింగ్. ఆ మాటకి యుయున్‌కి తలా తోకా దొరకలేదు.

శనివారం, ఆదివారం ఎలా గడిచాయో ఆమెకే ఎరుక. ఓజో జోకులు వెయ్యడం మానేశాడు. ఆదివారం సాయంత్రం అతను, "కాంట్రాక్టు పోతే పోయింది. తోలుకి జిగురు రాయడానికి నాకూ ఓ మనిషి కావాలి. ఆసిడ్ వాసనకన్నా జిగురు వాసనే నయం" అన్నాడు. నినింగ్ అతని వీపు మీద ఒక్కటి చరిచి, ఆ తర్వాత ఆ వీపుకే తల ఆనించింది.

సోమవారం ఏడున్నరకి ఆమె వెళ్ళేసరికి సారు అప్పటికే వచ్చి ఉన్నారు. గడ్డం గీసుకోలేదు. స్లైడ్ల బీరువా సొరుగులన్నీ తెరిచి ఉన్నాయి. కింద నేలంతా ట్రేలే. మైక్రోస్కోపు పక్కన గ్లిసరిన్ సీసా, వంకరపోయిన సూదులు మూడు. రెండు రోజులూ ఇక్కడే కూర్చున్నారన్నమాట.

సారు యుయున్‌ని పిలిచి ఫోను తీసి ఇమ్మన్నారు. అవతల రింగయింది.

"తియూర్, ఊళ్ళోనే ఉన్నావా?"

"బస్సులో ఉన్నా సార్! ఇంకా కదల్లేదు!" గొంతు గదంతా వినిపించింది. సారు ఫోను చెవికి జానెడు దూరం జరిపారు.

"దిగు."

"ఎందుకు సార్?"

"ఏడోది టోపీ రంబుటాన్. తప్పు నాది. ఆ మాట కాగితం మీద రాసి, సంతకం పెట్టి, కిందటి ఫలితం కొట్టేశాను. పరిశీలన తక్కువ అన్న మాట కూడా."

అవతల ఎవరితోనో గట్టిగా "నా పెట్టె దించండి! అదిగో, తాడు కట్టింది! పైన కాదు, కింద!" అన్న అరుపు వినిపించింది. యుయున్ పగలబడి నవ్వింది. సారు నవ్వలేదు, కానీ ఫోను పెట్టేశాక మీసం ఒకసారి కదిలింది.

ఆ తర్వాత నినింగ్ వైపు తిరిగారు. ఆమె చేతులు కట్టుకుని గోడవారగా నిలబడింది. సారు బల్ల మీది కాంట్రాక్టు కాగితం తీశారు. 'కడిగే పని' అని ఉన్నచోట గీత కొట్టేసి ఉంది. పైన కొత్త మాట రాసి ఉంది. దూరం నుంచి ఆమెకి అక్షరాలు ఆనలేదు.

"శుక్రవారం నీ మీద కోపంతో వెళ్ళాను. శనివారం నా మీద కోపంతో వచ్చాను" అన్నారు. "నిన్ను ఎన్నడూ అడక్కపోవడం నా తప్పు. చెప్పకపోవడం నీ తప్పు. నీది చిన్నది కాదు నినింగ్. ఈ పదకొండేళ్ళలో నాలుగు వందల ముప్పై స్లైడ్లు, పద్నాలుగు బావులు. అన్నీ మళ్ళీ చూడాలి. ఆ తవ్వేవాళ్ళందరికీ నేనే ఉత్తరాలు రాస్తాను, ఆ సిగ్గు నాది. స్లైడ్లు చూడటం మాత్రం నావల్ల కాదు. నిన్నంతా ప్రయత్నించాను. నా కళ్ళకి నేను నేర్చుకున్నదే కనిపిస్తోంది."

"సారూ..."

"గలీహ్‌ని కూడా రమ్మన్నాను. ఆర్నెల్లు నీ దగ్గర జల్లెడ తట్టడం నేర్చుకోనీ. ఆ తర్వాత చూద్దాం." కుర్చీని వెనక్కి లాగారు. "కూర్చో."

"ఇక్కడాండి?"

"మరి నేల మీదా?"

నినింగ్ కూర్చుంది. నిలబడి చూసినదానికీ కూర్చుని చూడటానికీ ఎత్తు తేడా, మెడ ఎలా పెట్టాలో తోచలేదు. ట్రేలో మొదటి స్లైడు ఏడోనంబరు ఉన్నదే. దాన్ని సరిచేసి ముందుకి వంగింది. అలవాటుగా ఎడమకన్ను మూసుకుంది.

"ఆ కన్నెందుకు మూశావు?"

ఇన్నాళ్ళ అలవాటు నోటికి అడ్డం వచ్చింది. అయినా చెప్పింది. "గొట్టాలు మీ కొలతకి ఉంటాయండి. జరిపితే మీకు తెలిసిపోతుందని."

సారు ఆమె వెనక నిలబడి ఆ గొట్టాలవైపు చూశారు.

"జరుపుకో" అన్నారు చివరికి.

నినింగ్ రెండు చేతులతో గొట్టాలు పట్టుకుంది. బిగుసుకుపోయి ఉన్నాయి, పంతొమ్మిదేళ్ళుగా ఎవరూ కదపలేదు. కాస్త గట్టిగా నొక్కింది. కిర్రుమని దగ్గరికి వచ్చాయి. రెండు వెలుతురు వలయాలు ఒకదానివైపు ఒకటి జరిగి, అంచులు కలిసి, ఒక్కటయ్యాయి. ముళ్ళబంతి మధ్యలో నిలబడింది. కుడికంటికి ఎప్పుడూ బిళ్ళలా కనిపించింది, ఈసారి నిండుగా, గుండ్రంగా, చేత్తో అందుకునేట్టు కనిపించింది. కళ్ళు తడవడం వల్ల ఒకసారి మసకబారింది. తుడుచుకుని మళ్ళీ ఆనించింది. సన్నమర తిప్పుతూ అడుగుదాకా దిగింది.

"రాసుకో యుయున్" అంది. తన గొంతు అంత పెద్దగా ఉంటుందని ఆమె అనుకోలేదు. "ఏడోది. మూత నెత్తిన ఊడింది."